చక్రం తిరగని గంటకు డబ్బులెవరిస్తారు? రీఫర్ కంపెనీలో చేరే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో సీడీఎల్ (భారీ వాహనాల లైసెన్స్) చేతికొచ్చి వారం తిరక్కుండానే ట్రక్కు కంపెనీల ఫోన్లు మొదలవుతాయి. రిక్రూటర్ మాట తియ్యగా ఉంటుంది. మైలుకు ఇన్ని సెంట్లు, వారానికి ఇన్ని వేల మైళ్లు, చేరగానే బోనస్, కొత్త బండి. రీఫర్ (సరుకును చల్లగా మోసే ట్రక్కుల) కంపెనీ అయితే ఇంకో మాట కూడా కలుపుతారు: జనం తిండి మానరు కాబట్టి ఇక్కడ లోడ్లకు కరువుండదని. అందులో చాలావరకు నిజముంది. పాలు, మాంసం, కూరగాయలు, ఐస్‌క్రీం, మందులు ఏడాది పొడవునా కదులుతూనే ఉంటాయి. అయితే కంపెనీకి లోడ్లు దొరకడం వేరు, ఆ లోడ్లు డ్రైవర్‌కు గిట్టుబాటు కావడం వేరు.

కంపెనీని తూచడానికి చాలామంది పట్టుకునే తక్కెడ మైలు రేటు. 60 సెంట్లు ఇచ్చేది మంచి కంపెనీ, 54 ఇచ్చేది నాసిరకం అనుకుంటారు. మామూలు సరుకు మోసే డ్రై వ్యాన్‌లో ఈ లెక్క కొంతవరకు పనికొస్తుందేమో గానీ రీఫర్‌లో మోసం చేస్తుంది. ఇక్కడ డ్రైవర్ పని గంటల్లో చాలా భాగం గోదాముల దగ్గర ఎదురుచూపులకే పోతుంది. ఆ గంటల భారం ఎవరి నెత్తిన పడుతుందన్నది తేలకుండా మైలు రేటు గురించి మాట్లాడుకోవడం వృథా.

ఒక రాత్రి ఎలా నడుస్తుందో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. కాలిఫోర్నియా సాలినస్ లోయలో లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) ఎక్కించుకున్న బండి, రెండు మూడు రాష్ట్రాలు దాటి ఒక పెద్ద కిరాణా దుకాణాల గొలుసు సంస్థ గోదాముకు చేరింది. అపాయింట్‌మెంట్ తెల్లవారుజామున 2 గంటలకు. డ్రైవర్ 1:30కే గేటు దగ్గరున్నాడు. గార్డు ట్రైలర్ తలుపు సీల్ నంబరు చూసుకుని, ట్రైలర్‌ను చల్లగా ఉంచే యూనిట్ మీద ఎన్ని డిగ్రీలు చూపిస్తోందో రాసుకుని లోపలికి పంపాడు. సరుకు దించే డోర్ దొరికేసరికి 3:15 అయింది. పాలెట్లు (సరుకు పేర్చిన చెక్క పలకలు) దించడానికి లంపర్లు, అంటే గోదాము దగ్గరి కూలీలు రావాలి. వాళ్ల ఫీజు కట్టడానికి కంపెనీ ఇచ్చే కోడ్ కావాలి. కోడ్ కోసం డిస్పాచ్‌కు (కంపెనీలో లోడ్లు అప్పగించే విభాగానికి) ఫోన్ చేస్తే రాత్రి షిఫ్ట్ మనిషి ఇరవై నిమిషాలు హోల్డ్‌లో పెట్టాడు. దించడం మొదలయ్యాక గోదాము తనిఖీ మనిషి ఒక పెట్టె తెరిచి, లెట్యూస్ గుండెలోకి థర్మామీటర్ సూది గుచ్చాడు. యూనిట్ 34 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు సెట్ చేసి ఉంది, సూది మాత్రం 41 చూపించింది. రెండు పాలెట్లు వద్దన్నారు. వాటిని ఏం చేయాలో లోడ్ కుదిర్చిన బ్రోకర్ నిద్రలేచి చెప్పేదాకా ఆగాలి. కాగితాలు చేతికొచ్చేసరికి ఉదయం 8 దాటింది. అప్పటికి చట్టం డ్రైవర్‌కు ఇచ్చిన 14 గంటల డ్యూటీ గడియారం అయిపోయింది. అయినా యార్డులో ఆగడానికి వీల్లేదు, బయటికి వెళ్లమన్నారు.

ఇన్ని గంటల్లో బండి కదిలింది గేటు నుంచి డోర్ దాకా. మైళ్ల లెక్కలో అది సున్నా.

ఇలాంటి రాత్రులు ఈ పనిలో మామూలే. ఏ కంపెనీ కూడా వీటిని పూర్తిగా తప్పించలేదు. కాబట్టి ఆ రాత్రిలో కంపెనీ ఎక్కడుంది అన్నదే చూడాలి. లంపర్ కోడ్ ఐదు నిమిషాల్లో ఇచ్చిందా? వేచి ఉన్న గంటలకు ఎంత కట్టింది? రెండు పాలెట్ల నష్టాన్ని ఎవరి ఖాతాలో రాసింది? గడియారం అయిపోయాక బండి కదిపేందుకు డ్రైవర్‌కు ఏ దారి చూపింది? చేరే ముందు అడగాల్సిన ప్రశ్నలన్నీ దాదాపు ఇక్కడి నుంచే పుడతాయి.

మొదట గంటల సంగతి. ఫెడరల్ నిబంధన ప్రకారం సరుకు బండి డ్రైవర్ వరసగా 10 గంటలు డ్యూటీకి దూరంగా ఉన్నాక 11 గంటల దాకా నడపొచ్చు. అది కూడా డ్యూటీ మొదలైన 14 గంటల్లోపే. 8 రోజుల్లో 70 గంటలు దాటకూడదు. 2017 డిసెంబర్ నుంచి ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి అయ్యాక, పాత రోజుల్లోలా కాగితం మీద సర్దుకునే వీలు దాదాపు పోయింది. ఈ 14 గంటల కిటికీ డాక్ (సరుకు ఎక్కించి దించే చోటు) దగ్గర వేచి ఉన్నా కరిగిపోతూనే ఉంటుంది. 2020లో చేసిన మార్పుతో కొంత వెసులుబాటు వచ్చింది. కనీసం 7 గంటలు స్లీపర్‌లో (క్యాబిన్ వెనక పడకలో), కనీసం 2 గంటలు విడిగా విశ్రాంతి తీసుకుని రెండూ కలిపి 10 చేస్తే, ఆ సమయం 14లోంచి పోదు. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. డాక్ దగ్గర గంటకోసారి తలుపు తట్టి డోర్ మార్చమంటుంటే 7 గంటల నిద్ర ఎక్కడిది?

దీనికి తోడు ఇంకో పాత ముడి ఉంది. 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టం 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలంటుంది గానీ, రాష్ట్రాల మధ్య సరుకు మోసే డ్రైవర్లకు ఆ ఓవర్‌టైం వర్తించదు. అంటే వారంలో 70వ గంట పని చేసినా ఫెడరల్ చట్టం కింద అదనంగా రావాల్సింది ఏమీ లేదు. మైలు చొప్పున జీతం ఇచ్చే పద్ధతి ఇంతకాలం నిలవడానికి ఇది పెద్ద కారణం. ఎదురుచూపుల ఖర్చు కంపెనీకి తగలదు, గోదాముకు తగలదు. తగిలేది డ్రైవర్‌కే. కంపెనీ జేబుకూ గోదాము జేబుకూ చిల్లు పడనప్పుడు తొందర ఎవరికుంటుంది?

అందుకే డిటెన్షన్ పే, అంటే వేచి ఉన్న గంటలకు ఇచ్చే డబ్బు గురించి అడగాలి. చాలా కంపెనీలు మొదటి రెండు గంటలు ఉచితం అంటాయి, ఆపైన గంటకు ఇంత అంటాయి. ఊహకు ఒక లెక్క వేద్దాం. మొదటి కంపెనీ మైలుకు 60 సెంట్లు ఇస్తుంది, డిటెన్షన్ ఇవ్వదు. రెండోది 54 సెంట్లే ఇస్తుంది గానీ రెండు గంటలు దాటాక గంటకు 20 డాలర్లు కడుతుంది. వారంలో 2,200 మైళ్లు నడిచి, నాలుగు చోట్ల ఒక్కోసారి ఐదు గంటలు ఆగారనుకుందాం. మొదటి చోట 1,320 డాలర్లు వస్తాయి. రెండో చోట మైళ్లకు 1,188, వెయిటింగ్‌కు 240, మొత్తం 1,428. ఆరు సెంట్లు తక్కువిచ్చే కంపెనీయే వంద డాలర్లు ఎక్కువిచ్చింది. రెండు మొత్తాల్నీ 70 గంటలతో భాగిస్తే గంటకు దాదాపు 19, 20 డాలర్లుగా తేలుతుంది. ఈ భాగహారం రిక్రూటర్ ఎప్పుడూ చేసి చూపించడు.

అయితే డిటెన్షన్ ఇస్తామన్నంత మాత్రాన అయిపోలేదు. ఒప్పందంలో ఒక చిన్న వాక్యం దాక్కుని ఉంటుంది: 'కస్టమర్ మాకు చెల్లిస్తేనే'. ఇది ఉంటే ఆ డబ్బు గాల్లో దీపమే. కస్టమర్ కట్టాడో లేదో డ్రైవర్‌కు తెలిసే దారి లేదు. ఇంకొన్ని చోట్ల గంట ముందే మెసేజ్ పెట్టాలి, అపాయింట్‌మెంట్‌కు ఒక్క నిమిషం ఆలస్యమైనా చెల్లదు, లోడ్ బిల్లు (సరుకు రవాణా పత్రం) మీద లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం గోదాము వాళ్ల చేత రాయించుకోవాలి అంటారు. ఈ షరతులు ఉండటం తప్పేమీ కాదు, కాకపోతే చేరే ముందే కాగితం మీద చదివి ఉండాలి. కస్టమర్‌తో సంబంధం లేకుండా డిటెన్షన్ ఇచ్చే కంపెనీ తన డబ్బు పోతుంది కాబట్టి గోదాములతో గట్టిగానే మాట్లాడుతుంది. అలాంటి చోట వెయిటింగ్ కూడా తగ్గే అవకాశం ఉంది.

లంపర్ విషయంలో చట్టం డ్రైవర్ పక్షానే ఉంది. దించడానికి సాయం తీసుకోవాలని గోదాము పట్టుబడితే దాని ఖర్చు గోదాముదో, షిప్పర్‌దో (సరుకు పంపేవారిదో). డ్రైవర్ చేతి నుంచి పెట్టుకుంటే తిరిగి ఇవ్వాలి. మంచి కంపెనీల్లో ఫీజు కోడ్ నేరుగా ఫోన్‌కు వస్తుంది. సొంత కార్డు మీద కట్టి తర్వాత రసీదు పంపమనే కంపెనీ అంటే, డ్రైవర్ డబ్బుతో వ్యాపారం చేసుకుంటోందన్నమాట.

ఇక మైలు అంటే ఏ మైలు? ఇది పాత తగువు. కొన్ని కంపెనీలు పుస్తకం లెక్క ప్రకారం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దగ్గరి దారి మైళ్లకే డబ్బులిస్తాయి. ట్రక్కు వెళ్లగలిగే అసలు దారి, గోదాము ఊరి పొలిమేరలో ఎక్కడో ఉండటం ఇవేవీ అందులో లెక్కకు రావు. ఓడోమీటర్ చూపించే మైళ్లకూ జీతం చీటీలో పడే మైళ్లకూ తేడా వస్తుంది. ప్రాక్టికల్ మైళ్లా, షార్ట్ మైళ్లా అని ఒక్క మాట అడిగితే రిక్రూటర్ గొంతులోనే సగం జవాబు దొరుకుతుంది. ఖాళీ ట్రైలర్‌తో వెళ్లే మైళ్లకు అదే రేటు ఉందో లేదో కూడా అడగాలి. రీఫర్‌లో మాంసం లోడ్ దించాక ట్రైలర్ కడిగించడానికి పక్క దారి పట్టాల్సి వస్తుంది. ఆ వాష్‌అవుట్ సమయానికి, మైళ్లకు ఎవరు కడతారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

రెండు పాలెట్ల దగ్గరికి మళ్లీ వద్దాం. రీఫర్‌లో డ్రైవర్ తలమీద వేలాడే కత్తి ఇదే. చిన్న సంగతి ఒకటి చాలామంది కొత్తవాళ్లకు తెలియదు: ట్రైలర్ మీది యూనిట్ పెట్టెలోని గాలిని చల్లగా ఉంచుతుంది, అంతే. వేడిగా ఎక్కించిన సరుకును చల్లబరిచే శక్తి దానికి పెద్దగా లేదు. పొలం నుంచి వచ్చిన లెట్యూస్‌ను సరిగా చల్లార్చకుండా 41 డిగ్రీల దగ్గర ఎక్కిస్తే, గమ్యంలోనూ దాదాపు అంతే ఉంటుంది. ఎక్కించేటప్పుడే సూది గుచ్చి చూసి, ఎంతుందో బిల్లు మీద రాయించుకున్న డ్రైవర్ బతికిపోతాడు. షిప్పర్ డాక్ మీదికి డ్రైవర్లను రానివ్వని చోట ఆ అవకాశమే ఉండదు. అప్పుడు 'ఎక్కించింది, లెక్కపెట్టింది షిప్పరే' అన్న రాత బిల్లు మీద ఉండాలి. సీల్ నంబర్‌కు ఫోటో ఉండాలి. 2016లో ఆహార రవాణా పరిశుభ్రతపై ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన వచ్చాక సీల్ తెగి ఉంటే మొత్తం లోడ్ తిప్పి పంపడానికి గోదాములు వెనకాడటం లేదు.

ఇంకో తిరకాసు యూనిట్ నడిపే తీరులో ఉంది. కంటిన్యూవస్‌లో పెడితే యూనిట్ ఆగకుండా నడుస్తుంది. రెండో పద్ధతిలో కావాల్సినంత చల్లబడగానే ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది, డీజిల్ మిగులుతుంది. గడ్డకట్టిన సరుకుకు అది చాలు గానీ, ఊపిరి పీల్చే తాజా కూరగాయలకు గాలి ఆగకూడదు. బిల్లు మీద కంటిన్యూవస్ అని ఉండగా, డీజిల్ కలిసొస్తుందని డిస్పాచర్ ఫోన్‌లో వేరే చెబితే, ఆ మాట మెసేజ్‌లో పెట్టమని అడగాలి. నోటి మాటకు సాక్ష్యం ఉండదు.

కాబట్టి కంపెనీని అడగాల్సింది: సరుకు చెడిందని క్లెయిమ్ వస్తే డ్రైవర్ జీతంలోంచి కోస్తారా? కోస్తే ఎంతవరకు? ఎవరు తేలుస్తారు? రీఫర్ యూనిట్ల ఉష్ణోగ్రతను ఆఫీసు నుంచే చూసే వ్యవస్థ ఉందా? ఉంటే అర్ధరాత్రి అలారం మోగినప్పుడు ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడా? యూనిట్ చెడిపోతే పక్కనున్న ఏ డీలర్ దగ్గరికైనా వెళ్లనిస్తారా, ఆమోదం కోసం గంటలు ఆపుతారా? రోడ్డు మీద చెడిన యూనిట్, కరుగుతున్న ఐస్‌క్రీం, ఎత్తని ఫోన్. ఆ టెన్షన్ పడినవాళ్లకు జీతం సంగతి రెండో మాట.

బరువు గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. బండి మొత్తం 80,000 పౌండ్లు దాటకూడదు. ఇన్సులేషన్, కూలింగ్ యూనిట్ కారణంగా రీఫర్ ట్రైలర్ మామూలు దానికంటే బరువు. యూనిట్‌కు సొంత డీజిల్ ట్యాంకు ఉంటుంది, 50 గ్యాలన్లు నింపితే 350 పౌండ్లు. సరుకు నిండుగా ఎక్కించే కంపెనీల్లో ఆ 350 పౌండ్లే తూకం దగ్గర ఇబ్బంది పెడతాయి. తూకం చీటీ డబ్బు, ఎక్కువ బరువుకు జరిమానా ఎవరు కడతారో ఒప్పందంలో చూడాలి.

రిక్రూటర్‌ను అడగకుండానే తెలుసుకోగలిగినవి కూడా బోలెడు. ఫెడరల్ మోటార్ క్యారియర్ భద్రతా సంస్థ వారి సేఫర్ వెబ్‌సైట్‌లో కంపెనీ డాట్ నంబరు (రవాణా శాఖ గుర్తింపు సంఖ్య) కొడితే ఎన్ని బండ్లు, ఎంతమంది డ్రైవర్లు, రెండేళ్లలో ఎన్ని తనిఖీలు, ఎన్నిసార్లు బండిని లేదా డ్రైవర్‌ను అక్కడికక్కడే ఆపేశారు అన్నవన్నీ ఉచితంగా కనిపిస్తాయి. పక్కనే జాతీయ సగటు కూడా ఉంటుంది. బండ్లను ఆపేసిన శాతం సగటుకు బాగా పైనుంటే మరమ్మతులు వాయిదా వేసే కంపెనీ అనుకోవచ్చు. డ్రైవర్లను ఆపేసిన శాతం ఎక్కువుంటే లాగ్‌ల విషయంలో ఒత్తిడి పెడుతున్నారేమోనని అనుమానించాలి. పది బండ్ల చిన్న కంపెనీలో ఒకటి రెండు తనిఖీలకే శాతం తారుమారవుతుంది కాబట్టి అక్కడ ఈ అంకెను అంత గట్టిగా పట్టుకోకూడదు. విస్కాన్సిన్‌లోని మార్టెన్ ట్రాన్స్‌పోర్ట్ లాగా షేర్ మార్కెట్‌లో ఉన్న రీఫర్ కంపెనీల వార్షిక నివేదికలు ఎవరైనా చదవొచ్చు. ఆదాయం తగ్గుతోందా, అప్పు పెరుగుతోందా, బండ్లు ఎంత పాతబడ్డాయి అన్నవి అందులో తెలుస్తాయి.

ఆర్థిక స్థితి ఎందుకు చూడాలంటే, 2019 డిసెంబర్‌లో ఇండియానాపొలిస్ కంపెనీ సెలడాన్ దివాలా తీసింది. అది ప్రధానంగా రీఫర్ కంపెనీ కాదు గానీ పాఠం అందరికీ ఒకటే. వేల మంది డ్రైవర్ల ఉద్యోగాలు పోయాయి, ఫ్యూయల్ కార్డులు పనిచేయక కొందరు ఇంటికి వందల మైళ్ల దూరంలో నిలిచిపోయారు.

లీజ్-పర్చేజ్ (కంపెనీ బండిని వాయిదాల మీద కొనుక్కోవడం) గురించి ఇక్కడ మెత్తగా మాట్లాడటం కుదరదు. 'మీ బండికి మీరే యజమాని' అనే ఈ పథకం రీఫర్ కంపెనీల్లో బాగా కనిపిస్తుంది. బండి కంపెనీది, లోడ్లు ఇచ్చేది కంపెనీ, వారం వాయిదా కోసేది కూడా కంపెనీయే. మైళ్లు తగ్గిన వారం వాయిదా మాత్రం తగ్గదు. కొన్ని వారాలు డ్రైవర్ కంపెనీకే బాకీ పడతాడు. 2021 మౌలిక వసతుల చట్టం కింద ఏర్పడిన ట్రక్కు లీజింగ్ టాస్క్‌ఫోర్స్ దీన్ని పరిశీలించి, 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో లీజ్-పర్చేజ్‌ను నిషేధించాలనే సిఫార్సు చేసింది. అంతకుముందు 2019 జనవరిలో న్యూ ప్రైమ్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టర్ అని పేరు పెట్టినంత మాత్రాన డ్రైవర్‌ను ఫెడరల్ ఆర్బిట్రేషన్ (కోర్టు బయటి మధ్యవర్తిత్వం) చట్టం పేరుతో కోర్టుకు రాకుండా ఆపలేరని తేల్చింది. మొదటి ఏడాది డ్రైవర్ ఈ పథకం జోలికి పోకపోవడమే మంచిది. సీజన్ల ఎగుడుదిగుళ్లు చూడని మనిషికి వారం వాయిదా బరువు తెలియదు. లెట్యూస్ సాగు వేసవిలో సాలినస్‌లో, చలికాలంలో అరిజోనాలోని యూమాలో జరుగుతుంది. పంట చోటు మారితే లోడ్లూ మారతాయి, రేట్లూ మారతాయి.

పెర్ డీమ్ ఇంకో మెలిక. జీతంలో కొంత భాగాన్ని భోజన ఖర్చుగా చూపించి పన్ను లేకుండా ఇస్తారు. చేతికొచ్చేది కాస్త పెరుగుతుంది. కానీ కాగితం మీద జీతం తగ్గుతుంది కాబట్టి సోషల్ సెక్యూరిటీకి జమయ్యేది తగ్గుతుంది, దెబ్బ తగిలి మూలన పడితే వచ్చే పరిహారం తగ్గొచ్చు, ఇంటి లోన్‌కు వెళ్తే బ్యాంకు తక్కువ ఆదాయం చూడొచ్చు. వద్దనుకునే వీలుందా అని అడగాలి. కొన్ని కంపెనీలు ప్రకటనల్లో మైలు రేటు పెర్ డీమ్ కలిపి చూపిస్తాయి.

చేరగానే బోనస్ గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. ఒకేసారి రాదు, నెలల తరబడి ముక్కలుగా వస్తుంది, మధ్యలో మానేస్తే మిగతాది పోతుంది. పెద్ద దూరప్రాంత కంపెనీల్లో ఏడాదికి డ్రైవర్ల మార్పు 90 శాతం దాటిన ఏళ్లు చాలా ఉన్నాయని ట్రక్కు కంపెనీల సంఘం లెక్కలే చెప్పాయి. బోనస్ పూర్తిగా అందుకునేవాళ్లు ఎందరుంటారో దాన్నిబట్టే ఊహించుకోవచ్చు. కంపెనీ ఖర్చుతో సీడీఎల్ శిక్షణ తీసుకున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఏడాదిలోపు మానేస్తే ఫీజు తిరిగి కట్టాలనే ఒప్పందం ఉంటుంది.

మానేసే తీరు కూడా ముందే ఆలోచించుకోవాలి. విసుగొచ్చి బండిని ఎక్కడో వదిలేసి వస్తే అది డీఏసీ రిపోర్టులో (డ్రైవర్ ఉద్యోగ చరిత్ర నివేదికలో) చేరుతుంది, తర్వాతి కంపెనీ మొదట చూసేది అదే. అందులో తప్పు రాస్తే సవాలు చేసే హక్కు చట్టం ఇచ్చింది. అలసిపోయి ఉన్నా, గంటలు అయిపోయినా నడపమని బలవంతం చేస్తే ఒప్పుకోనక్కర్లేదు. అందుకు ఉద్యోగం తీసేస్తే 180 రోజుల్లోపు కార్మిక భద్రతా సంస్థ ఓషాకు ఫిర్యాదు చేయొచ్చు. ఆ రాత్రి గోదాము బయటికి వెళ్లమన్న డ్రైవర్‌కు కూడా దారుంది. దించాక దగ్గర్లోని సురక్షితమైన చోటికి బండిని పర్సనల్ కన్వేయన్స్ (డ్యూటీ లెక్కలోకి రాని సొంత ప్రయాణం) కింద తీసుకెళ్లడాన్ని ఫెడరల్ మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. కానీ కొన్ని కంపెనీలు ఆ బటన్‌నే లాగ్ పరికరంలో తీసేస్తాయి. ఉందో లేదో ఓరియంటేషన్ మొదటి రోజే అడగాలి.

రిక్రూటర్ జవాబులన్నీ ఈమెయిల్‌లో తెప్పించుకున్నాక చేయాల్సింది ఒకటి మిగిలి ఉంటుంది. ట్రక్ స్టాప్‌లో ఆ కంపెనీ పేరున్న బండి దగ్గర ఆగి డ్రైవర్‌తో మాట్లాడటం. 'కంపెనీ ఎలా ఉంది' అని అడిగితే ఆ రోజు మూడ్‌ను బట్టి జవాబొస్తుంది. 'పోయిన వారం ఎక్కడ ఎక్కువసేపు ఆగారు, దానికి ఎంత పడింది' అని అడిగితే మనిషి ఒక్క క్షణం ఆలోచించి నిజం చెబుతాడు. కొందరు ఫోన్ తీసి సెటిల్‌మెంట్ (జీతం) చీటీయే చూపిస్తారు. మైళ్లు, మినహాయింపులు దాటుకుని కిందికి వెళ్తే డిటెన్షన్ అనే వరస ఉంటుంది. దాని ఎదురుగా అంకె ఉందా, ఖాళీగా ఉందా అన్నది చూడాలి.